అంచులేని చుక్కల జాలీ

లాజవర్దు నగరంలో జనం చీకటికి భయపడరు, మిట్టమధ్యాహ్నానికి భయపడతారు. సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడనగానే అంగళ్ళు మూతపడతాయి, ఆడుకునే పిల్లల్ని రెక్క పట్టుకుని లోపలికి ఈడ్చుకుపోతారు, చిల్లులు చిల్లులుగా చెక్కిన రాతిజాలీ ఉన్న ప్రతి కిటికీకీ గోనెపట్టా వేలాడదీస్తారు. అంతవరకూ ఆ నగరాన్ని చూడాలి! నీలి పింగాణీ పలకలు తాపిన గోపురాలు, వాటి నడుములచుట్టూ తేనెరంగు గీతలు. ఒక గీత ఇంకోదాన్ని దాటుతుంది, దాని కిందినుంచి మరొకటి దూరుతుంది, అన్నీ కలిసి పది మొనల చుక్కలై విచ్చుకుంటాయి, మళ్ళీ విడిపోయి గీతలై పారిపోతాయి. ఏ గీత ఎక్కడ మొదలైందో పట్టుకుందామని చూసినవాడికి మెడ పట్టేయడమే తప్ప గీత దొరకదు.

అటువంటి నగరంలో, మణిగిరి రాజ్యానికి కాబోయే ప్రభువు అరిందముడు, తలకు చింకిగుడ్డ చుట్టుకుని, మోకాళ్ళదాకా సున్నం పూసుకుని, ఒక పెద్ద గది మూలలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. లేచి రావడానికి లేదు. చుట్టూ తడిగచ్చు.

"అబ్బాజాన్! మన సున్నందొరగారు మళ్ళీ మూలకి చేరారు, వచ్చి చూడండి!" అని గుమ్మం దగ్గరనుంచి పకపకా నవ్వింది సఫియా.

నవ్వదూ మరి! గచ్చుమీద పని చేసే ఏ కూలీ అయినా దూరపు గోడ దగ్గర మొదలుపెట్టి, వెనక్కి జరుగుతూ వచ్చి గుమ్మం దగ్గర ముగిస్తాడు. వాకిట్లో ముగ్గు పెట్టే చిన్నపిల్లకి కూడా ఈ సంగతి తెలుసు. మన రాజకుమారుడు మాత్రం గుమ్మం దగ్గరే ఉత్సాహంగా మొదలుపెట్టి, గీసుకుంటూ గీసుకుంటూ పోయి, తనని తానే మూలలో బంధించుకున్నాడు. పులిని ఒంటిచేత్తో చంపినవాడే, కానీ ఇప్పుడు గచ్చు ఆరేదాకా అక్కడ కూర్చోవలసిందే.

సఫియా తండ్రి ఉస్తాద్ ఇద్రీస్ కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. ఆ దేశంలో చుక్కల నక్షాలు, అంటే గీతలతో అల్లిన ఆ బొమ్మలు, గీయడంలో ఆయనంతటివాడు లేడు. గడ్డం నెరిసింది, నడుం వంగింది, నోటిదురుసు మాత్రం తగ్గలేదు. శిష్యుడి అవస్థ చూసి దగ్గు వచ్చేదాకా నవ్వాడు. తరవాత ఆయన చూపు శిష్యుడి కాళ్ళ దగ్గర గీసి ఉన్న చుక్కమీద పడింది. నవ్వు ఆగిపోయింది.

"ఒరే బేటా, మూలలో ఆ చుక్క పూర్తిగా ఎందుకు గీశావ్?"

"తెగిపోయినట్టు వదిలేస్తే బాగాలేదు ఉస్తాద్‌జీ. అందుకని ముగించేసి, చుట్టూ అంచు కట్టేశాను."

"బాగాలేదా! నీకా తెలిసేది బాగోగులు? అంచు దగ్గర చుక్క తెగాలి. పక్కల సగం, మూలల్లో పావు. తక్కింది చూసేవాడి కళ్ళు గోడ దాటిపోయి పూర్తి చేసుకుంటాయి. అల్లా చేసిన లోకానికి అంచు కట్టడానికి మనమెవరంరా? నువ్వు చుక్కని లోపల కూర్చోబెట్టి తలుపేసేశావ్. ఇంక అది ఎటూ పోదు. నక్షాని చంపేశావ్."

అరిందముడు తల దించుకున్నాడు. అతని మొలలో దాచుకున్న దంతపు గాజు చల్లగా తగిలింది.

ఆ గాజు అతని చెల్లెలు హేమరేఖది. ఈ తిప్పలన్నీ ఆ పిల్లకోసమే. ఖర్పరుడనే మాంత్రికుడు ఆమెను తనకిచ్చి పెళ్ళి చెయ్యమని మణిగిరి కొలువులో అడిగాడు. కాదు పొమ్మన్నారు. వాడు కోపగించుకోలేదు, శపించలేదు, చిరునవ్వు నవ్వి, రాజకుమార్తె మేడకు కానుకగా ఒక పాలరాతి జాలీ ఇచ్చి వెళ్ళిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం ఆ జాలీలోంచి ఎండ పడింది. హేమరేఖ పాదంమీద చుక్క ఆకారంలో ఒక నీడ వాలింది. ఎండ జరిగిపోయినా ఆ నీడ జరగలేదు. కడిగితే పోలేదు. తాకి చూస్తే చర్మం కాదు, పింగాణీ పలక! ఆ చుక్క పక్కన ఇంకో చుక్క మొలిచింది. పాదం, పిక్క, మోకాలు, నడుము, అలా పాకుతూనే ఉంది. ఆ పిల్ల తన చేతిగాజు తీసి అన్నకిచ్చింది. తన ఒంటిమీద నక్షా పెరిగినకొద్దీ ఆ గాజుమీదా నీలిగీత పెరుగుతోంది. గీత చుట్టూ తిరిగి రెండు కొసలూ కలిసిన క్షణాన హేమరేఖ నిలువునా రాయి అయిపోతుంది.

అడవిలో ఒక తాపసి మాత్రమే ఉపాయం చెప్పాడు. "ప్రతి నక్షాకీ ఒక నడిబిందువు ఉంటుంది నాయనా. దానిమీద పర్కారు నిలిపి ఎడమకు తిప్పి వృత్తం గియ్యి. అల్లిక విడిపోతుంది. ఆ విద్య లాజవర్దు నగరంలో దొరుకుతుంది." పర్కారు అంటే రెండు కాళ్ళ ఇనుప పనిముట్టు. ఒక కాలు మొనమీద నిలబడితే రెండో కాలు గుండ్రంగా తిరిగి గీత గీస్తుంది. సరేనని మన రాజకుమారుడు కత్తి పారేసి పర్కారు పట్టడానికి వచ్చాడు.

వచ్చాడు గానీ, అబ్బ! అంతటి మొద్దుశిష్యుణ్ణి ఉస్తాద్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. దేవుణ్ణి తలుచుకుని బిస్మిల్లా అనకుండానే గీత మొదలుపెట్టేవాడు. చుక్కకు ఆధారంగా ముందు గీసుకునే గుడ్డిగీతలు, పని అయ్యాక చెరిపేసేవి, ఎవరూ చూడరు కదా అని ఎగ్గొట్టేవాడు. అన్నిటికన్నా ఉస్తాద్ తల ప్రాణం తోకకు తెచ్చింది కొమ్ముబిళ్ళ. పర్కారు మొన కింద ఎప్పుడూ ఒక చిన్న కొమ్ముబిళ్ళ పెట్టుకోవాలి, అది ఆ ఇంటి ఆచారం. అరిందముడు ప్రతిసారీ మర్చిపోయి మొనను తిన్నగా గుచ్చేసేవాడు.

"బిళ్ళ ఏదిరా, బిళ్ళ?" అని ఉస్తాద్ కర్ర ఎత్తేవాడు. "కింద ఉన్నదానికి గాయం కాకూడదు. మొన బరువు బిళ్ళ మొయ్యాలి. ఎంత చెప్పినా నీ చెవికెక్కదేం?"

"తొందరలో మర్చిపోయానండీ."

"నీ తొందర తగలెయ్య! ఎవరి గుండెలో గుచ్చుతావో ఆ తొందరతో!"

గచ్చు ఆరి, అరిందముడు మూలలోంచి బయటపడ్డాక, ఉస్తాద్ అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. గొంతు తగ్గించాడు.

"నువ్వు కూలీవి కావని మొదటిరోజే తెలుసు బేటా. ఏ కూలీ అయినా తాపీని కత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటాడా? ఇప్పుడు చెప్పు, ఎవరికోసం వచ్చావ్?"

అరిందముడికి దుఃఖం ఆగలేదు. అంతా చెప్పేశాడు. ఉస్తాద్ గాజు తీసుకుని ఎండకు పెట్టి చూశాడు. 

"ఈ చేయి నాకు తెలుసు. వాడు నా దగ్గరే నేర్చుకున్నాడు. అన్నీ నేర్చుకున్నాడు, ఒక్కటి తప్ప. అంచు పాఠం చెప్పేలోపలే, ఇంక నీ దగ్గరేముందని పారిపోయాడు. వాడి నక్షాకి అంచు లేదు బేటా. అందుకే అది పాకుతుంది. వాడు గీసినవన్నీ ఒక్కటే నక్షా. మొదటి కొస అదుగో, ఆ తెర వెనకాల ఉంది. ఇంకో కొస మీ చెల్లెలి మేడలో తేలింది."

ఆ గదికే దక్షిణపు గోడనిండా నల్లటి కంబళి వేలాడుతోంది. దాని అంచులు నేలకు మేకులతో దిగ్గొట్టి ఉన్నాయి. గాలి లేకపోయినా కంబళి నెమ్మదిగా ఉబ్బుతోంది, తగ్గుతోంది.

"పగలగొడితే?"

"పగలగొట్టాం. ముక్కముక్కా మళ్ళీ జాలీ అయింది."

"పోనీ, దాని నడిబిందువు కనుక్కుంటే?"

"అదే కదా నా ఏడుపు! నాలుగు మూలలుంటే మూలనించి మూలకి దారం లాగుతాం, దారాలు కలిసినచోట నడిబిందువు తేలుతుంది. అంచే లేనిదానికి మూలలెక్కడివి? మూలలు లేనిదానికి నడుమ ఎక్కడిది? మధ్యాహ్నంపూట ఆ తెర మాత్రం ముట్టుకోకు. నా తమ్ముడు ముట్టుకున్నాడు."

తమ్ముడు ఏమయ్యాడని అరిందముడు అడగలేదు. కంబళి పక్కన గోడలో, మనిషి ఎత్తున, చెయ్యి చాచినట్టున్న ఒక పలక నీలంగా మెరుస్తోంది.

మర్నాడు కూలీలు ఆ గదిలో చెడిన గచ్చు తవ్వేసి కొత్త గచ్చు పరిచి, వేళ దాటకుండా ఇళ్ళకు పరుగెత్తారు. తండ్రీకూతుళ్ళు వెనకవాకిట్లో ఉన్నారు. అరిందముడు తడి ఆరని నేల అంచున నిలబడి గాజు తీసి చూశాడు.  నీలిగీత కొసలమధ్య వెంట్రుకవాసి ఎడం మిగిలింది, అంతే. ఇంక ఆగేదెక్కడ? ఉస్తాద్ మాట, తమ్ముడి పలక, అన్నీ గాలికి పోయాయి. తడిగచ్చు తొక్కుకుంటూ వెళ్ళి నల్లకంబళి పట్టుకుని ఒక్క లాగు లాగాడు.

సరిగ్గా మిట్టమధ్యాహ్నం.

జాలీలోంచి ఎండ పడింది. తెల్లటి సున్నంమీద నల్లటి చుక్కలు పరుచుకున్నాయి. ఊళ్ళో చప్పుళ్ళన్నీ ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయాయి. సూర్యుడు కదలడంలేదు, నీడలు కదులుతున్నాయి. ఒక చుక్క విచ్చుకుంటే దాని మొనలనుంచి గీతలు బయల్దేరి, తడిసున్నంలో సన్నగా కోసుకుంటూ పోయి, ఇంకో చుక్కను అల్లుతున్నాయి. గోడమీద వాలిన పావురం ఒకటి నేలమీదికి దిగింది. నీడ దాని కాళ్ళకు తగిలింది. అంతే, పావురం లేదు. పావురం ఆకారంలో ఒక పలక, దాని కన్నుమాత్రం ఇంకా తడిగా ఉంది.

"యా అల్లా! ఎంత పని చేశావురా, కొంప ముంచావు కదరా!" గుమ్మం దగ్గర ఉస్తాద్ అరుపు. ఒక గీత చరచరా పాకి ఆయన చెప్పును అంటుకుంది. సఫియా తండ్రి నడుం పట్టుకుని వెనక్కి లాగింది. చెప్పు అక్కడే ఉండిపోయింది, నీలంగా. గుమ్మం అవతల వీధి, వీధి అవతల ఊరు. నక్షా తొందరపడటంలేదు. పొయ్యిమీది పాలు పొంగి అంచుకు వస్తున్నట్టు గడపవైపు వస్తోంది.

అరిందముడి మెదడులో మెరుపు మెరిసింది.

"ఉస్తాద్‌జీ! నిన్న నేను నక్షాని చంపేశానన్నారు. చచ్చిన నక్షా పాకుతుందా?"

ఉస్తాద్ కర్ర నేలకు కొట్టాడు. "పాకదు!"

"అయితే నాకు చేతనైన పనే. గుమ్మం దగ్గర మొదలుపెడతాను!"

"లోపల ఇరుక్కుపోతావురా!"

"అది అలవాటే కదండీ!"

నల్లటి చుక్కలమధ్య తెల్లగా మిగిలిన జాగాల్లో కాలు మోపుతూ, మొసళ్ళ వీపులమీదినుంచి ఏరు దాటేవాడిలా అరిందముడు గడపదాకా గెంతాడు. సఫియా చెక్కబద్దా, మేకూ విసిరింది. గడపకు ఈవల బద్ద పెట్టి బర్రున గీత లాగాడు. పాకివచ్చిన నీలిగీత ఆ గీతకు తగిలి, గోడకు కొట్టుకున్న పురుగులా అటూ ఇటూ తిరిగింది. దాటలేకపోయింది! గుమ్మం పక్క మూలలో పది మొనలూ పూర్తిగా ఉన్న చుక్క. అక్కడినుంచి గోడవెంట అంచు, రెండో మూలలో ఇంకో చుక్క. నక్షాకు సంగతి తెలిసిపోయినట్టుంది. గీతలన్నీ గుమ్మం వదిలేసి అతనిమీదికి మళ్ళాయి. ఎడమపాదం చల్లబడింది. చూసుకునే తీరిక లేదు. మూడో మూల. అడుగు వేస్తే ఎడమకాలు ఠంగుమని మోగింది. చివరి మూల జాలీ కింద. గుక్క తిప్పుకోకుండా చుక్క గీసి, మిగిలిన గోడవెంట అంచు లాక్కుపోయి మొదటి గీతతో కలిపేశాడు.

నేలంతా ఒక్కసారి నిశ్చలమైపోయింది.

మొలలోని గాజు తీసి చూశాడు. కొసలు కలవలేదు. "హమ్మయ్య!" అని ఊపిరి వదిలాడో లేదో, గదిమధ్య గచ్చు ఉబ్బింది. చుక్కలు, పలకలు ఒకదానిపక్కన ఒకటి సర్దుకుని ముఖమైనాయి. కళ్ళున్నచోట రెండు అయిదుకోణాల గుంటలు. పెదవులు కదిలితే సున్నం పెళుసుగా విరిగింది.

"అంచు కట్టావా? మా ఉస్తాద్ నాకు చెప్పని పాఠం నీకు చెప్పాడన్నమాట" అంది ఆ ముఖం ఖర్పరుడి గొంతుతో. "బాగుంది. ఇంక మూలలున్నాయి. నడుమ కనుక్కో, చూద్దాం."

"సఫియా! దారం!"

నూలుదారపు ఉండ గాల్లో తేలి వచ్చింది. గుమ్మంపక్క మూలల్లో ఒక కొస సఫియా, ఇంకో కొస ఉస్తాద్ గట్టిగా అదిమిపట్టారు. జాలీ కింది మూలల్లో అరిందముడు ఊడిపడ్డ కంబళి మేకులు దిగ్గొట్టి దారాలు బిగించాడు. మిగిలిన దారం కొసను మొలకు కట్టుకుని, ఉండను సఫియావైపు విసిరేశాడు. దారాలు కలిసినచోట ముఖం నీళ్ళలో మునిగినట్టు లోపలికి దిగిపోయింది. అక్కడ సూదిమొనంత రంధ్రం. నడిబిందువు!

అరిందముడు కుంటుకుంటూ పరుగెత్తాడు. ఒక కాలు మెత్తగా, ఒక కాలు ఠంగుఠంగుమంటూ. మోకాళ్ళమీద పడి, పర్కారు తీసి, అలవాటు ప్రకారం తొందరగా మొనను రంధ్రానికి ఆనించాడు.

"అమ్మా!" అని రంధ్రంలోంచి ఒక కేక.

ఆ గొంతు ఎవరిదో చెప్పాలా? "అన్నయ్యా, ఎవరో నా గుండెమీద ఇనుపమొన పెట్టారు. నొప్పిగా ఉందన్నయ్యా!" దంతపు గాజుమీద ఎర్రటి చుక్క ఊరింది. రంధ్రంలోంచి హేమరేఖ తలకు రాసుకునే సంపంగినూనె వాసన సన్నగా వచ్చింది.

నేల కిందినుంచి ఖర్పరుడు నవ్వాడు. "దీనికి నడుమ లేదు రాజకుమారా, నువ్వే అంచు కట్టి పుట్టించావు. ఆ నడుమలో నేనెవరిని కూర్చోబెట్టుకున్నానో విన్నావుగా. గుచ్చితే చెల్లెలు చస్తుంది. గుచ్చకపోతే రాయవుతుంది. కానియ్యి."

అరిందముడు పర్కారు మొన పైకెత్తేశాడు. కళ్ళనీళ్ళు బొటబొటా సున్నంలో పడ్డాయి. గుమ్మం దగ్గర ఉస్తాద్ గుండెలు బాదుకుంటూ అరుస్తున్నాడు: "బిళ్ళ! బేటా, బిళ్ళ! సఫియా, వాడికి బిళ్ళ విసురు!"

సఫియా ఒక మోకాలితో దారం అదిమి, సంచీలో వెతికి కొమ్ముబిళ్ళ విసిరింది. గురి తప్పలేదు. కానీ బిళ్ళ నేలను తాకీ తాకగానే నీలిగీత ఒకటి దాన్ని చుట్టేసింది. అరిందముడు గోళ్ళు విరిగేదాకా లాగినా రాలేదు. అది అప్పటికే పలక. గాజుమీద రెండు కొసలూ మళ్ళీ ఒకదానివైపు ఒకటి జరగడం మొదలుపెట్టాయి.

అప్పుడు రాజకుమారుడు ఏడుపు మానేశాడు. ఎడమచేతి బొటనవేలు తీసుకెళ్ళి ఆ రంధ్రంమీద పెట్టాడు. వేలి కింద చెల్లెలి గుండె పిచ్చుకపిల్లలా కొట్టుకుంటోంది. పర్కారు మొనను తన గోటిమీద నిలిపాడు. మొట్టమొదటిసారి, ఎవరూ కర్ర ఎత్తకుండానే, గురువు చెప్పినట్టు "బిస్మిల్లా" అన్నాడు. బరువంతా మొనమీద వేసి ఎడమకు తిప్పాడు.

మొన గోరు చీల్చుకుని ఎముకదాకా దిగింది. అరిందముడు పళ్ళు బిగించాడు, వేలు కదపలేదు. మొన వేలు దాటి కిందికి పోలేదు. రెండో కాలు గుండ్రంగా గీసుకుపోతోంది. ఆ గాడిలో నెత్తురు పారుతోంది. వేలి కింద గుండె నెమ్మదించింది. గాజుమీద గీత కొసలు ఆగాయి. ఆగి, వెనక్కి జరిగాయి.

"ఆపు!" అన్నాడు ఖర్పరుడు. ఆ గొంతులో ఇప్పుడు నవ్వు లేదు.

వృత్తం మొదలూ తుదీ కలిశాయి. ఆ గుండ్రటి నేల బావిమీద మూతలా ఊడి, అరిందముడితోసహా కిందికి పడిపోయింది. అడుగున చీకటి లేదు. అంతులేని నీలి చుక్కలు, వాటిమధ్య నడవడానికి సన్నటి తెల్లదారి, ఎక్కడో దూరంగా చెల్లెలి అందెల చప్పుడు.

ఉస్తాద్ గడపమీద కూలబడ్డాడు. సఫియా అరచేతుల్ని కోసుకుంటూ దారం సర్రుసర్రుమని లోపలికి పోతోంది. "అబ్బాజాన్, బరువు తగులుతోంది! ఉన్నాడు, బతికే ఉన్నాడు!" అని ఏడుస్తూ నవ్వుతూ అరిచింది.

చాలా లోతునుంచి, బావిలోంచి వచ్చినట్టు, అతని గొంతు వినిపించింది.

"ఉస్తాద్‌జీ! ఈసారి బిళ్ళ మర్చిపోలేదండీ!"

ముసలాయన గడ్డం తడిసిపోయింది. కర్ర పక్కన పడేసి, కూతురి చేతులమీద తన చేతులు వేసి, దారాన్ని గట్టిగా పట్టుకున్నాడు. దారం ఇంకా లోపలికి పోతూనే ఉంది.